భయం పోతే బండి వస్తుందా, బండి వస్తే భయం పోతుందా?

నాకు కారు నడపడం రావడానికి పన్నెండేళ్ళు పట్టింది. ఆ పన్నెండేళ్ళూ నా జేబులో డ్రైవింగు లైసెన్సు ఉంది. ఇందులో సిగ్గుపడాల్సింది నేనొక్కణ్ణేనా, ఇంకెవరైనా ఉన్నారా అన్నదే నా ప్రశ్న.

మాది గరికపాడు. హైదరాబాదు నుంచి విజయవాడ వెళ్ళేవాళ్ళందరికీ మా ఊరి పేరు తెలుసు, కానీ అక్కడ దిగేవాళ్ళు తక్కువ. కోదాడ దాటి, రామాపురం క్రాస్‌రోడ్డు దాటి, పాలేరు మీద వంతెన దాటితే వచ్చే మొదటి చెక్‌పోస్టు మాదే. 2014 జూన్ 2 ముందు అది కృష్ణా, నల్గొండ జిల్లాల సరిహద్దు. ఆ తర్వాత రెండు రాష్ట్రాల సరిహద్దు అయింది. 2022 ఏప్రిల్లో మేం కృష్ణా నుంచి ఎన్టీఆర్ జిల్లాలోకి వచ్చాం. జిల్లా మారినా, రాష్ట్రం మారినా, రోడ్డు నంబరు 9 నుంచి 65 అయినా మా ఊరివాళ్ళ పని మాత్రం మారలేదు. పొద్దున లేస్తే ఆ రోడ్డు దాటాలి, లేదా ఆ రోడ్డెక్కాలి. అలాంటి ఊళ్ళో పుట్టి నాకు బండి రాకపోవడం ఏమిటని మీరడగచ్చు. మా ఊళ్ళో కూడా అదే అడిగేవారు.

కారణం పెద్ద రహస్యమేం కాదు. ఇంట్లో ట్రాక్టరు ఉండేది. దాని సీటు మీద కూర్చుంటే నాన్న దింపేసేవాడు. "చదువుకునే పిల్లాడివి, నీకెందుకురా ఇవన్నీ?" అనేవాడు. నాతోటి పిల్లలు పదిహేనేళ్ళకే ట్రక్కు తగిలించిన ట్రాక్టరుని రివర్సులో పెట్టేవాళ్ళు. నేను ఇంటరుకి రెసిడెన్షియల్ కాలేజీలో పడ్డాను, అట్నుంచి ఎంసెట్టు, ఇంజనీరింగు, అమీర్‌పేట, ఉద్యోగం. చేతులతో, కాళ్ళతో చేసే పని ఒక్కటీ నేర్చుకోకుండా ఇరవైయారేళ్ళు వచ్చేశాయి. ఇది చదువుతున్నవాళ్ళలో సగం మంది కథ ఇదేనని నా అనుమానం. మన ఆడపిల్లల సంగతైతే చెప్పక్కర్లేదు. తమ్ముడికి పద్నాలుగో ఏటే మోపెడ్ తాళం దొరుకుతుంది, అక్కకి ముప్ఫై వచ్చినా "నువ్వెక్కడ తోలతావులే" అన్న మాట దొరుకుతుంది. తర్వాత ఇద్దరూ కారు నేర్చుకుంటే తమ్ముడికి వారంలో వస్తుంది, అక్కకి మూడు నెలలు పడుతుంది. అప్పుడు అందరూ "ఆడవాళ్ళకి డ్రైవింగు రాదు" అని తేల్చేస్తారు. తమ్ముడికి అప్పటికే పదేళ్ళ అనుభవం ఉందన్న సంగతి లెక్కలోకి రాదు. రోడ్డు మీద అవతలి బండి ఎంత వేగంగా వస్తోంది, ఈ సందులో మనం పడతామా లేదా అన్న అంచనా కారు స్కూల్లో రాదు. సైకిలు మీద, మోపెడ్ మీద, కిందపడి మోకాలు కొట్టుకుపోయినప్పుడు వస్తుంది.

2008లో హైదరాబాదులో డ్రైవింగు స్కూల్లో చేరాను. స్కూలు పేరు అనవసరం, అప్పటికీ ఇప్పటికీ అలాంటివి వీధికి రెండున్నాయి. ఇరవైయొక్క రోజులు, రోజుకి అరగంట. కారులో ముగ్గురం ఎక్కేవాళ్ళం, ఒకడు నడుపుతుంటే ఇద్దరం వెనక కూర్చునేవాళ్ళం. మొదటి రోజే ట్రాఫిక్కులోకి తీసుకెళ్ళారు. మన భాషలో చెప్పాలంటే ఉద్యోగంలో చేరిన రోజే ప్రొడక్షన్ సర్వరు పాస్‌వర్డు ఇచ్చేశారు :)

ఆశ్చర్యం ఏమిటంటే ఆ ఇరవైయొక్క రోజుల్లో నా బండి ఒక్కసారి కూడా ఆగిపోలేదు. నేను పొంగిపోయి ఇంటికి ఫోను చేసి చెప్పాను కూడా. తర్వాత చాలా ఏళ్ళకి తెలిసింది అసలు సంగతి. పక్క సీట్లో ఉన్నాయన కాళ్ళ కింద కూడా క్లచ్చు, బ్రేకు ఉంటాయి కదా. నేను క్లచ్చు తొందరగా వదిలితే ఆయన తొక్కేవాడు. నేను బ్రేకు ఆలస్యం చేస్తే ఆయన వేసేవాడు. ఒక చెయ్యి ఎప్పుడూ నా స్టీరింగు మీద ఉండేది. అంటే ఆ మూడు వారాలూ బండి నడిపింది ఆయన, నేను ముందు సీట్లో కూర్చున్న ప్రయాణికుణ్ణి. ఆయన చెడ్డవాడు కాదు. బండి ఆయనది, వెనక ఇంకో ఇద్దరు వెయిటింగులో ఉన్నారు, ట్రాఫిక్కులో హారన్లు మోగుతున్నాయి. ఆయన అవసరం బండి ఆగకుండా ఉండటం. నా అవసరం బండి ఆగడం, ఎందుకాగిందో నాకు అర్థమవడం. రెండూ ఒకటి కాదు. జూనియరు రాసిన కోడులో తప్పులన్నీ వాడు చూడకముందే సీనియరు సరిచేసేస్తుంటే ఆ జూనియరు ఏడాదికి ఏం నేర్చుకుంటాడో ఊహించండి.

ఆ తర్వాత టెస్టు. నాతోపాటు ఆ రోజు వచ్చినవాళ్ళలో ఫెయిలైన మనిషిని ఒక్కణ్ణి కూడా నేను చూళ్ళేదు. నేను బండిని కాస్త ముందుకి, కాస్త వెనక్కి కదిపాను, సంతకం పెట్టాను, కొన్నాళ్ళకి కార్డు వచ్చింది. ఆ రోజు నన్ను ఫెయిలు చేసి ఉంటే నాకు చాలా మేలు జరిగేది. ఆ మాట ఎందుకంటున్నానో కాసేపట్లో చెప్తాను.

2012లో సెకండ్ హ్యాండు కారు కొన్నాను. హైదరాబాదులో ఆదివారం పొద్దున్నే ఖాళీ రోడ్ల మీద నాలుగైదు సార్లు తిప్పి, చెమటలు పట్టి ఇంటికొచ్చేవాణ్ణి. ఊరికి వెళ్ళాలంటే యాక్టింగ్ డ్రైవరే దిక్కు. ఎవరికి చెప్పినా ఒకటే సలహా: "భయపడకు. భయం పోతే అదే వస్తుంది. ధైర్యంగా రోడ్డెక్కెయ్."

ధైర్యంగా రోడ్డెక్కాను. 2013 శివరాత్రికి ఊరెళ్ళినప్పుడు సంగతి. నాలుగు వరసల హైవే అప్పటికి కొత్తగా వచ్చింది. డ్రైవరు భోజనం చేస్తుంటే తాళం తీసుకుని, మా ఆవిణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని, ఊళ్ళోంచి హైవే వైపు బయల్దేరాను. మిర్చి కోతల కాలం. ఎదురుగా కూలీలతో నిండిన ఆటో ఒకటి చేలోంచి రోడ్డు మీదకి తిరిగింది. నేను బ్రేకు తొక్కాను. అంటే, తొక్కాననుకున్నాను. తొక్కింది యాక్సిలరేటరు. బండి ఎగిరినట్టు ముందుకి పోయింది. స్టీరింగు ఎటు తిప్పానో నాకు గుర్తు లేదు. ఆటో పక్కనుంచి రోడ్డు దిగి, మిర్చి కల్లంలోకి దూసుకెళ్ళి, నింపిపెట్టిన టిక్కీల వరసకి గుద్దుకుని ఆగింది. కల్లం నిండా ఎర్రగా కాయలు, వాటి మధ్య రెండు టైర్ల చాళ్ళు.

ఆ కల్లంలో తాలు కాయలు ఏరుతున్న ఆరేడుగురు ఆడవాళ్ళు టీ తాగడానికి వేపచెట్టు కిందకి వెళ్ళి అప్పటికి పది నిమిషాలయిందట. ఆ పది నిమిషాల గురించి ఈ రోజుకీ ఆలోచిస్తాను. కల్లం రైతు వచ్చి నా మొహం చూసి, "మనిషికేం కాలేదుగా, పద, మంచినీళ్ళు తాగు" అన్నాడు. చిరిగిన టిక్కీలకి డబ్బిస్తానంటే తీసుకోలేదు. ఆయన తిట్టి ఉంటే నాకు తేలికగా ఉండేది.

అందరూ "భయపడ్డావు, అందుకే అలా అయింది" అన్నారు. నేనూ నమ్మాను. ఏడేళ్ళు మళ్ళీ స్టీరింగు పట్టుకోలేదు.

ఆ మాట తప్పని నాకు ఇప్పుడు ఖచ్చితంగా తెలుసు. నేను భయపడింది తర్వాత. ఆ క్షణంలో జరిగింది వేరు: నా కాలికి బ్రేకు ఎక్కడుందో తెలియదు. తెలియకపోవడానికి కారణం దాన్ని నేను అప్పటిదాకా నిజంగా వాడకపోవడం. నా బ్రేకు వేరేవాళ్ళు వేసేవాళ్ళు. ఆ తర్వాత ఏడేళ్ళు నేను పడ్డ భయం జబ్బు కాదు, సరైన సమాచారం. "నీకు బండి నడపడం రాదు, రోడ్డెక్కకు" అని నా మనసు చెప్పిన నిజం. చుట్టూ ఉన్నవాళ్ళంతా ఆ నిజాన్ని మూసిపెట్టి ముందుకి వెళ్ళమన్నారు. అలారం మోగుతుంటే మంట ఎక్కడుందో చూడకుండా అలారం వైరు కత్తిరించడం లాంటిదది.

ఇక 2020. మార్చి 25న దేశమంతా లాక్‌డౌన్ మొదలైంది. హైదరాబాదులో హాస్టళ్ళు మూసేస్తున్నారని పోలీసు పాసులు తీసుకుని బయల్దేరిన పిల్లలంతా వచ్చి మా ఊరి చెక్‌పోస్టు దగ్గర ఆగిపోయారు. వాళ్ళలో చాలామంది మనలాంటి సాఫ్టువేరువాళ్ళే, బైకుల మీద, కార్లలో. నాన్న ఫోను చేసి "ఒరేయ్, మన ఊరు టీవీలో వస్తోంది" అన్నాడు. ఆ గొంతులో సంబరం లేదు. నాన్నకి షుగరు, అమ్మకి మోకాళ్ళ నొప్పులు, మందులకి జగ్గయ్యపేట వెళ్ళాలి, తీసుకెళ్ళేవాడు లేడు. నేను హైదరాబాదులో సెల్లారులో ఉన్న కారుకి దుమ్ము తుడుస్తున్నాను. యాక్టింగ్ డ్రైవర్లెవరూ సరిహద్దు దాటి రామన్నారు. వాళ్ళ తప్పు లేదు, తిరిగి ఎలా రావాలో వాళ్ళకి తెలియదు. చివరికి జూన్లో పాసు తీసుకుని, మా బావమరిది నడుపుతుంటే ముప్ఫై ఎనిమిదేళ్ళవాణ్ణి పక్కసీట్లో కూర్చుని మా ఊరు చేరాను.

వర్క్ ఫ్రం హోం కాబట్టి ఊళ్ళోనే ఉండిపోయాను. ఓ సాయంత్రం మా బాబాయి వచ్చాడు. నలభై ఏళ్ళు లారీ తోలిన మనిషి. నా కారు చుట్టూ తిరిగి, "రేపు పొద్దున ఆరింటికి కల్లం దగ్గరికి రా" అన్నాడు. ఏ కల్లమో అడగలేదు, నాకు తెలుసు. వానాకాలం మొదట్లో ఖాళీగా, గట్టిగా, చదునుగా ఉంది.

బాబాయి చదివింది అయిదో తరగతి. నేను ఇరవై ఏళ్ళ చదువులోనూ, పదిహేనేళ్ళ ఉద్యోగంలోనూ చూసిన పాఠాల్లో ఆయన చెప్పిందే అన్నిటికన్నా పద్ధతిగా ఉంది. అందుకే వివరంగా రాస్తున్నాను, ఎవరికైనా పనికొస్తుంది.

మొదటి రోజు ఇంజను వెయ్యనివ్వలేదు. మడమ బ్రేకుకి ఎదురుగా నేల మీద పెట్టమన్నాడు. మడమ ఎత్తకుండా పాదం ముందుభాగం మాత్రం కుడికి తిప్పితే యాక్సిలరేటరు, వెనక్కి తెస్తే బ్రేకు. "బ్రేకు" అన్నప్పుడు బ్రేకు, "రేజు" అన్నప్పుడు రేజు. కిందకి చూడకూడదు. అరగంట అదే. విసుగొచ్చి "బాబాయ్, ఇదేం డ్రైవింగు?" అంటే, "మొన్న నువ్వు టిక్కీల్ని గుద్దావే, అది ఇక్కడ జరిగింది" అని నా మడమ చూపించాడు. ఏడేళ్ళ తర్వాత నా యాక్సిడెంటుకి అసలు కారణం చెప్పిన మొదటి మనిషి ఆయన. మడమ గాల్లో ఉంటే కాలు ఎక్కడ పడుతుందో కాలికే తెలియదు.

రెండో రోజు నుంచి నాలుగు రోజులు క్లచ్చు ఒక్కటే. యాక్సిలరేటరు ముట్టుకోకూడదు. చదును నేల మీద మొదటి గేరులో క్లచ్చుని మెల్లగా వదులుతుంటే ఒకచోట బండి ఒళ్ళు విరుచుకున్నట్టు కదులుతుంది. డ్రైవర్లు హాఫ్ క్లచ్చు అనేది దాన్నే. అక్కడ కాలు ఆపితే బండి నడక వేగంతో పాకుతుంది. తొందరగా వదిలితే ఎగిరి ఆగిపోతుంది. ఆగింది. మొదటి రోజు ముప్ఫై సార్లు ఆగింది. ఆగినప్పుడల్లా నేను "సారీ" అనేవాణ్ణి. "ఎవడికిరా సారీ? ఆగితే ఏమవుద్ది? మళ్ళీ తాళం తిప్పుతావు" అన్నాడు. వెనక హారను లేదు, పక్కన నవ్వేవాడు లేడు. నాలుగో రోజుకి కాలే చెప్పడం మొదలుపెట్టింది, నేను ఆలోచించడం మానేశాను.

ఆ తర్వాత బండి వెడల్పు. ఖాళీ గోతాం ఒకటి నేల మీద పరిచి, ఎడమ ముందు చక్రం దాని మీదుగా వెళ్ళాలన్నాడు. మొదట్లో రెండడుగులు అవతలికి పోయేవాణ్ణి. ప్రతిసారీ దిగి చూడమనేవాడు. దిగి చూసి, ఎక్కి, అద్దంలోంచి గోతాం ఎక్కడ కనపడితే చక్రం దాని మీద పడుతోందో గుర్తుపెట్టుకోవాలి. మూడు రోజుల్లో గోతాం మధ్యలో పడింది. ఇరుకు సందులో ఎడమవైపు గీసుకుపోతుందన్న నా జీవితకాలపు బెంగ ఓ చింపిరి గోతాంతో తీరిపోయింది.

తర్వాత రివర్సు. తర్వాత ఊళ్ళో రోడ్డు. తర్వాత జగ్గయ్యపేట. హైవే అన్నిటికన్నా చివర, నెలన్నర తర్వాత. ఊళ్ళో తిరిగేటప్పుడు కారుకి ముందూ వెనకా ఎల్ బోర్డు తగిలించుకున్నాను. లైసెన్సు వచ్చిన పన్నెండేళ్ళకి ఎల్ బోర్డు పెట్టుకున్నవాణ్ణి దేశంలో నేనొక్కణ్ణేనేమో :) నవ్వేవాళ్ళు నవ్వారు. కానీ లారీలు కూడా దూరం పాటించాయి.

హైవేకి ముందు రోజు నా వంతుగా బాబాయికి ఓ లెక్క చెప్పాను. గంటకి 80 కిలోమీటర్లంటే సెకనుకి 22 మీటర్లు. ముందు ఏదో కనపడి, బుర్రకెక్కి, కాలు బ్రేకు మీదకి వచ్చేసరికి ఓ సెకను పోతే 22 మీటర్లు బ్రేకు లేకుండానే వెళ్ళిపోయినట్టు. పైగా వేగం రెట్టింపైతే బ్రేకు వేశాక ఆగే దూరం రెట్టింపు కాదు, నాలుగింతలు. ఆయన విని, "అందుకేగా ముందు లారీకి అంత ఎడం ఇవ్వమనేది. నువ్వు లెక్కతో చెప్పావు, నేను ముగ్గురు క్లీనర్లకి తిట్టి చెప్పాను" అన్నాడు.

ఇప్పుడు చెప్పండి, ఇందులో "ధైర్యంగా ఉండు" అన్న మాట ఎక్కడైనా ఉందా? బాబాయి ఆ మాట ఒక్కసారి కూడా అనలేదు. పనిని ముక్కలు చేశాడు. ఒక్కో ముక్కా తప్పు చేసినా ఎవరికీ దెబ్బ తగలని చోట చేయించాడు. తప్పు నా కంటికి, నా కాలికి తెలిసేలా చూశాడు. ఒకటి వచ్చాకే రెండోది కలిపాడు. భయం ఎప్పుడు పోయిందో నేను గమనించలేదు. భయం పోతే బండి వస్తుందంటారు గానీ, నా అనుభవంలో బండి వస్తేనే భయం పోయింది.

"అందరికీ మీ బాబాయిలాంటివాళ్ళు, కల్లాలు ఎక్కడ దొరుకుతాయండీ?" అంటారు. నిజమే. అందుకే దీన్ని వ్యక్తిగత విషయంగా వదిలెయ్యకూడదంటున్నాను. 1989 కేంద్ర మోటారు వాహనాల నిబంధనల ప్రకారం స్కూలు కారు నేర్పాలంటే కనీసం 21 రోజులు, అందులో నిజంగా నడిపే సమయం కనీసం 10 గంటలు ఉండాలి. నా స్కూల్లో రోజుకి అరగంట చొప్పున కాగితం మీద ఆ లెక్క సరిపోయింది. ఆ పది గంటల్లో నా కాళ్ళు నడిపిందెంత, ఆయన కాళ్ళు నడిపిందెంత అని అడిగినవాడు లేడు. బ్రిటనులో టెస్టు పాసయ్యేవాళ్ళు సగటున 45 గంటలు టీచరు దగ్గర, ఇంకో 22 గంటలు ఇంట్లోవాళ్ళతో ప్రాక్టీసు చేస్తారని అక్కడి అధికారులు ఎప్పట్నుంచో చెప్పే మాట. అన్ని గంటలు చేశాక కూడా టెస్టుకి వెళ్ళినవాళ్ళలో సగం కన్నా కాస్త తక్కువమందే పాసవుతారు, 2023-24లో దాదాపు 48 శాతం. అంటే మూడోసారికి పాసైనవాడు అక్కడ వింత మనిషి కాదు. అమెరికా వెళ్ళిన నా ఫ్రెండ్సు కూడా అంతే. ఇక్కడ పదేళ్ళు బండి తోలినవాళ్ళు అక్కడ స్టాపు సైను దగ్గర పూర్తిగా ఆగలేదని ఫెయిలై, పార్టీల్లో ఆ కథ నవ్వుతూ చెప్పుకుంటారు.

మన దగ్గర ఆ కథ చెప్పుకునేవాళ్ళు లేరు. ఎవరినీ ఫెయిలు చెయ్యని టెస్టులో అందరికీ లైసెన్సు వచ్చేస్తుంది కాబట్టి, బండి రానివాడు "ఈ ప్రపంచంలో చేతకానివాణ్ణి నేనొక్కణ్ణే" అనుకుంటాడు. ఇందాక నన్ను ఫెయిలు చేస్తే మేలు జరిగేదన్నది అందుకే. ఫెయిలైతే "నీకు బ్రేకు రాలేదు, నేర్చుకుని రా" అని ఎవరో ఒకరు 2008లోనే చెప్పి ఉండేవారు. ఆ ఆడవాళ్ళ ప్రాణాలు ఓ టీ గ్లాసు మీద ఆధారపడాల్సిన అవసరం ఉండేది కాదు. సులువుగా లైసెన్సు ఇవ్వడం దయ అనుకుంటాం. నేర్చుకోవడం కష్టంగా ఉన్నవాడికి అంతకన్నా పెద్ద అన్యాయం లేదు, రోడ్డు మీద ఉన్నవాళ్ళకైతే మరీను.

2021 జులై నుంచి కేంద్రం గుర్తింపు పొందిన శిక్షణ కేంద్రాలకి కొత్త నిబంధనలు వచ్చాయి. కారుకి 29 గంటలు, అందులో 21 గంటలు ప్రాక్టికలు, నాలుగు వారాల లోపు. కాగితం మీద చూస్తే పాత పది గంటలకి రెట్టింపు, సంతోషమే. కానీ నా భయం వేరే. పక్కవాడి కాళ్ళు క్లచ్చు మీద ఉన్నంతకాలం పదైనా ఇరవైయొకటైనా ఒకటే. గంటలు పెంచితే చాలదు, నేర్చుకునేవాడి బండి ఆగిపోవడానికి జాగా ఇవ్వాలి.

ఆటోమేటిక్ కారు కొనుక్కుంటే పోదా అంటారు కొందరు. కొనుక్కోండి, అందులో నామోషీ ఏం లేదు. 2014లో సెలెరియోతో చవక ఆటోమేటిక్కులు వచ్చాక మనలాంటివాళ్ళు చాలామంది బతికిపోయారు. ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండి. క్లచ్చు బాధ తప్పుతుంది గానీ మడమ పాఠం తప్పదు. గేరు బండి మనం తప్పు చేస్తే చాలాసార్లు ఆగిపోతుంది. ఆటోమేటిక్కు ఆగదు, యాక్సిలరేటరు తొక్కితే పోతుంది.

అసలు నేర్చుకోకపోయినా ఏం తప్పు లేదు. ఆర్టీసీ బస్సుంది, మెట్రో ఉంది. "నాకు బండి రాదు" అని చెప్పగలిగినవాడు, లైసెన్సు చూపించి రోడ్డెక్కిన 2013 నాటి నాకన్నా వందరెట్లు మేలు.

2021 ఏప్రిల్లో నాన్నకి, అమ్మకి కోవిడ్ టీకా వేయించడానికి జగ్గయ్యపేట తీసుకెళ్ళాను. నేనే నడిపాను. హైవే ఎక్కేచోట ఓ లారీ పోయేదాకా ఆగాను, దాని వెనక ఇంకోటి కనపడితే దాని కోసమూ ఆగాను. నాన్న వెనక సీట్లోంచి "పోవచ్చుగా" అన్నాడు. నేను పోలేదు. ఆయన ఇంకేం అనలేదు. తిరిగొచ్చాక దిగుతూ, "ట్రాక్టరు కూడా నేర్చుకోకపోయావా?" అన్నాడు. దింపేసింది ఎవరో గుర్తు చెయ్యబుద్ధి కాలేదు.

2024 సెప్టెంబరు 1 ఆదివారం. మర్నాడు ఆఫీసుంది, హైదరాబాదు బయల్దేరాలి. పాలేరు పొంగి మా దగ్గర హైవే మీద రాకపోకలు ఆగిపోయాయి. సందుల్లోంచి అటూ ఇటూ తిరిగి వెళ్ళిపోదామని ఒకరిద్దరు అన్నారు. నేను తాళం గోడకి తగిలించి, మేనేజరుకి మెసేజి పెట్టి పడుకున్నాను. అది భయమేనా అంటే, అవును, భయమే. నీళ్ళ కింద రోడ్డుందో లేదో నాకు తెలియదు. 2013లో అలాంటి భయం మాట వినకుండా రోడ్డెక్కినవాణ్ణి, ఈసారి విన్నాను.

మీలో ఎవరి జేబులోనైనా లైసెన్సు ఉండి, సెల్లారులో కారు ఉండి, స్టీరింగు ముందు కూర్చోగానే అరచేతులు చెమర్చేవాళ్ళుంటే, ముందు ఆ చెమటకి సిగ్గుపడటం మానెయ్యండి. అది మీకేదో రాలేదని చెప్తోంది. ఏం రాలేదో కనుక్కోండి. క్లచ్చా, బ్రేకా, బండి వెడల్పా, రివర్సా? ఓ ఖాళీ జాగా చూసుకోండి, హారను కొట్టనివాణ్ణి ఒకణ్ణి పక్కన కూర్చోబెట్టుకోండి, బండిని ముప్ఫై సార్లు ఆపండి. మీ పిల్లల్ని మాత్రం ట్రాక్టరు మీంచో, మోపెడ్ మీంచో శాశ్వతంగా దింపెయ్యకండి. వయసు వచ్చాక మీరే పక్కన కూర్చుని నేర్పించండి, ముఖ్యంగా ఆడపిల్లలకి.

మా అమ్మాయికి ఇప్పుడు పదిహేను. మొన్న సెలవులకి ఊరెళ్ళినప్పుడు కల్లంలో ఇంజను వెయ్యకుండా సీట్లో కూర్చోబెట్టి మడమ పాఠం చెప్పాను. అరగంటకి విసుగొచ్చి, "నాన్నా, ఇదేం డ్రైవింగు?" అంది.